సవరణ: మూడో నెల పరీక్షకు ‘38’తో సంబంధం లేదు

ప్రీఎక్లాంప్సియా (గర్భిణుల్లో రక్తపోటు పెరిగి, ఇతర అవయవాలూ దెబ్బతినగల జబ్బు) ముప్పును మూడో నెలలోనే పసిగట్టే రక్తపరీక్ష గురించి మొన్న రాస్తూ, మాయ (ప్లాసెంటా) నుంచి రక్తంలోకి వచ్చే రెండు ప్రొటీన్లైన ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ-1, పీఎల్‌జీఎఫ్‌ల నిష్పత్తి 38 దాటితే ప్రమాదమన్నాను. పొరపాటు నాదే, రెండు వేర్వేరు పరీక్షలను కలిపేశాను. ఆ నిష్పత్తిని 20 వారాలు దాటాక, జబ్బు అనుమానం ఉన్నప్పుడు చూస్తారు. 38 లేదా అంతకన్నా తక్కువైతే వారం లోపు జబ్బు వచ్చే అవకాశం చాలా తక్కువని అర్థం. దాటినంత మాత్రాన వచ్చేసినట్టు కాదు, ఆ మాటతో ఎవరినైనా భయపెట్టి ఉంటే మన్నించాలి.

11–13 వారాల పరీక్షలో పీఎల్‌జీఎఫ్‌తోపాటు రక్తపోటు, గర్భాశయ ధమనుల డాప్లర్ (రక్తప్రవాహాన్ని చూసే స్కాన్), తల్లి ఆరోగ్య చరిత్ర కలిపి ముప్పు లెక్కిస్తారు. ఎక్కువని తేలితే డాక్టర్లు ఆస్పిరిన్ సూచిస్తారు. 2017 నాటి ఆస్ప్రే పరిశోధనలో, 37 వారాలకు ముందే వచ్చే ప్రీఎక్లాంప్సియా ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 4.3 శాతం, రోజూ రాత్రి 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ వేసుకున్నవారిలో 1.6 శాతం కనిపించింది.