రంగా మార్చింది పార్టీలను, రైతు పక్షాన్ని కాదు

రైతు నాయకుడు ఆచార్య ఎన్.జి. రంగా ప్రస్తావన వస్తే చాలు, మన విశ్లేషకులు పాత చిట్టా విప్పుతారు. సోషలిస్టులతో కలిసి కిసాన్ సభ అనే రైతు సంఘం, 1951లో కృషికార్ లోక్ పార్టీ, 1959లో స్వతంత్ర పార్టీ, ఆ తర్వాత మళ్లీ కాంగ్రెస్. ఇన్ని గోడలు దూకిన మనిషికి సిద్ధాంతం ఎక్కడిదని పెదవి విరుస్తారు. ఆ చిట్టా నిజమే, తీర్పే తప్పు.

ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, మద్రాసు పచ్చయప్ప కళాశాలలో ఆర్థికశాస్త్రం బోధించిన ఈ నిడుబ్రోలు రైతుబిడ్డ, 1936లో లక్నోలో పుట్టిన అఖిల భారత కిసాన్ సభకు ప్రధాన కార్యదర్శి అయ్యారు. ఆయన పునాది వేసిన ఆ ఉద్యమం నుంచే ఆంధ్ర రైతుల మహాయాత్ర వచ్చింది. ఇచ్ఛాపురంలో బయలుదేరిన రైతులు తొమ్మిది జిల్లాల మీదుగా 130 రోజుల్లో 1,500 మైళ్లకు పైగా నడిచి, దారిలో పోగైన 1,100కు పైగా అర్జీలను 1938 మార్చి 27న మద్రాసు శాసనసభకు అందజేశారు. అప్పటి విశాఖ జిల్లాలో అత్యధిక భాగం విజయనగరం, బొబ్బిలి వంటి జమీందారీల కిందే ఉండేది. దివాణం, అంటే జమీందారు కచేరీ, గుమాస్తా ముందు నోరు మెదపలేని రైతు తన బాధను కాగితం మీద పెట్టించి వేలిముద్ర వేయడం ఎంత తెగువో ఈ ప్రాంతం వాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

1930లలో ఆయన జమీందారును ఎదిరించింది, భూమిపై నిర్ణయం దున్నేవాడిదే కావాలని. 1959లో నాగపూర్ కాంగ్రెస్ రైతుల భూములను కలిపి సాగుచేసే ఉమ్మడి సహకార సేద్యాన్ని తీర్మానించినప్పుడు నెహ్రూతో తెగతెంపులు చేసుకున్నదీ అందుకే. ఆయన దృష్టిలో దివాణం స్థానంలోకి సర్కారు వచ్చినంత మాత్రాన రైతు యజమాని అయిపోడు.

స్వతంత్ర పార్టీలో మాజీ సంస్థానాధీశులు, పెట్టుబడిదారులు చేరారని, రంగా చెప్పిన రైతులో భూమిలేని కూలీ కనిపించడని వామపక్ష మిత్రులు అంటారు. మొదటి మాట కాదనలేనిది. రెండో మాట అనేముందు, 1935లోనే ఆయన, తర్వాత కమ్యూనిస్టు నేతగా పేరొందిన ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్‌తో కలిసి నడిపిన దక్షిణ భారత సమాఖ్య పేరులో రైతులతో పాటు వ్యవసాయ కార్మికులూ ఉన్నారని గుర్తు చేసుకోవాలి.

నన్ను తొలిచే విషయం మరొకటి. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉన్న ఈ విశాఖ నగరంలో ఆర్థికశాస్త్ర పట్టాలకు కొదవ లేదు. గంట ప్రయాణంలో అనకాపల్లి బెల్లం మార్కెట్ ఉంది. రైతు దించిన దిమ్మను వ్యాపారి కొనగోటితో గీకి, చిన్న ముక్క నోట్లో వేసుకుని రంగు ఇంతే, ధర ఇంతే అని తేల్చేస్తుంటే, ఏడాది కష్టానికి వెల కట్టే ఆ అర నిమిషంలో రైతు పక్కన నిలబడే ఆచార్యుడు కనిపించడు. భీమిలి, ఆనందపురం వైపు రైతుల భూములను సర్కారు కలిపి తీసుకునే భూసమీకరణ గురించి మాట్లాడే నిపుణులూ ఎకరా విలువ చెబుతారు గానీ, ఆ ఎకరాలో జీడితోట వేసుకున్నవాడు రేపటి నుంచి ఏ పనికి పోవాలో చెప్పరు. రంగా అయితే ముందు ఆ ప్రశ్నే అడిగేవారు. 1967లో శ్రీకాకుళం ఆయనను లోక్‌సభకు పంపింది స్వతంత్ర పార్టీ మీద మోజుతో కాదని నా నమ్మకం.