కిల్టు: పూర్తిగా అంతర్గత వ్యవహారం

స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో ఉండే మనోడు ఎవడైనా ఆఫీసు ఫ్రెండు పెళ్లికి కిల్టు, అంటే అక్కడి మగాళ్లు కట్టే మోకాళ్ల దాకా ఉండే గళ్ల లంగా, కట్టుకుని ఒక్క ఫోటో పెడితే చాలు, కింద మొదటి కామెంటు ఎప్పుడూ అదే. "అన్నా, లోపల ఏమన్నా ఉందా?" పక్కన నాలుగు పగలబడి నవ్వే ఎమోజీలు. పెళ్లి ఎలా జరిగింది, భోజనంలో ఏం పెట్టారు, ఆ వెనకాల కోట ఎక్కడిది, ఇవేవీ అక్కర్లేదు. ఎనిమిది గజాల ఉన్ని గుడ్డ, వెనకంతా కుచ్చిళ్లు, ముందు వేలాడే స్పోరన్ అనే తోలు సంచి, మేజోడులో దోపిన బుల్లి కత్తి, ఇంత సరంజామా కళ్లెదురుగా కనబడుతుంటే మనవాళ్ల జ్ఞానతృష్ణంతా కనబడని ఆ జానెడు గుడ్డ మీదే. సరే, ప్రజలకి ఇంత ఆసక్తి ఉన్న సబ్జెక్టుని మేధావులు గాలికొదిలేశారు కాబట్టి నేనే పూనుకుంటున్నా.

ఇందులో రెండు మతాలున్నాయి. వేసుకునేవాళ్లు, వేసుకోనివాళ్లు. వేసుకునేవాళ్లతో గొడవేం లేదు, వేసుకుని వాళ్ల పని వాళ్లు చూసుకుంటారు. రెండో మతం వాళ్లే "నిజమైన స్కాట్స్‌మన్" బ్యాచ్. లోపల నూలుపోగు ఉన్నా జాతిద్రోహమే వీళ్లకి. ఇంతా చేసి వాడు కట్టుకున్న కిల్టు అద్దెది, కోటు అద్దెది, బూట్లు కూడా అద్దెవే, సోమవారం కవర్లో పెట్టి షాపులో తిరిగిచ్చేయాలి, వచ్చే శనివారం అదే కిల్టు ఇంకో పెళ్లికొడుకు తోడల్లుడి నడుముకెక్కుతుంది. ఒంటిమీద సొంతంగా వేసుకునే ఛాన్సున్నది ఒక్క డ్రాయరే, సంప్రదాయం పేరు చెప్పి దాన్ని కూడా ఇంట్లో వదిలేసొస్తాడు! 2010లో టార్టన్ అనే ఆ గళ్ల గుడ్డల బాగోగులు చూసే స్కాటిష్ టార్టన్స్ అథారిటీ పెద్దాయనొకరు ఇది పిల్లచేష్టలా ఉంది, శుభ్రత కూడా కాదు, దయచేసి ఏదో ఒకటి వేసుకోండి అని చెప్తే ఆయన మీదే విరుచుకుపడ్డారు.

ఈ మతం మిలట్రీలో పుట్టిందంటారు. హైలాండ్ అనే స్కాట్లాండ్ కొండప్రాంతం రెజిమెంట్లలో లోపల ఏమీ ఉండకూడదని రూలుండేదని, పాటిస్తున్నారో లేదో కర్రకి అద్దం కట్టి కిందనుంచి చెక్ చేసేవాళ్లని పబ్బులో రెండో గ్లాసు దగ్గర ఎవడో ఒకడు చెప్పి తీరతాడు. కథ నిజమో కోతో పక్కనపెట్టండి, నా బెంగంతా ఆ అద్దం పట్టుకున్నవాడి గురించే. పొద్దున్నే అందరూ తుపాకులు తుడుచుకుంటుంటే ఈయన అద్దం తుడుచుకుంటాడు, ఆ చలికి అద్దం మీద ఆవిరి పడితే మళ్లీ తుడవాలి, వరసలో ఒక్కో సిపాయి దగ్గరా ఆగి, కర్ర దించి, వంగి, చూసి, రిజిస్టర్లో టిక్కు పెట్టాలి, డౌటొస్తే రెండోసారి వంగాలి. మబ్బు పట్టిన రోజు లాంతరు పట్టుకోడానికి ఒక అసిస్టెంటు. సెలవుకి ఇంటికెళ్తే వాళ్లమ్మ పక్కింటావిడతో "మావాడు ఇన్‌స్పెక్షన్ డిపార్ట్‌మెంటు" అని గర్వంగా చెప్తుంది, ఆవిడ ఊరుకోకుండా "ఏం ఇన్‌స్పెక్షన్ నాయనా?" అని అడుగుతుంది, ఈయన టీ కప్పు పట్టుకుని కిటికీలోంచి కొండలకేసి చూస్తాడు. పిల్లనిస్తానని వచ్చిన పెద్దమనిషి "పైకొచ్చే ఉద్యోగమేనా బాబూ" అంటాడు. లేదు సార్, ఎప్పుడూ కిందనుంచే. రిటైరైన రోజు శాలువా కప్పి, దండేసి, ఆయన సేవలకి గుర్తుగా ఏమిస్తారు, ఫ్రేము కట్టిన అదే అద్దం. అది హాల్లో తగిలిస్తే వచ్చిన చుట్టాలంతా అందులో చూసుకుని తల దువ్వుకుంటారు, పాపం వాళ్లకేం తెలుసు.

పోనీ సంప్రదాయమనే మాటకైనా కట్టుబడదామా అంటే అదీ లేదు. పాతకాలం హైలాండ్ వాళ్లు ఒంటికి ప్లెయిడ్ అనే పొడుగాటి ఉన్ని దుప్పటి చుట్టుకునేముందు లోపల మోకాళ్ల దాకా పొడుగు చొక్కా వేసుకునేవాళ్లు. వాళ్లు రాజు మీద తిరగబడి కల్లోడెన్ యుద్ధంలో ఓడాక 1746లో బ్రిటిష్ సర్కారు చట్టం చేసి ఆ బట్టలే నిషేధించింది, మొదటిసారి దొరికితే ఆర్నెల్ల జైలు, రెండోసారికి ఏడేళ్లు దేశం బయటికి. 1782లో ఎత్తేసేదాకా మామూలు జనానికి కిల్టే లేదు, ఇంక కింద ఏముందన్న చర్చెక్కడిది. తర్వాత 1822లో నాలుగో జార్జి రాజుగారు టార్టన్‌లో ముస్తాబై ఎడిన్‌బరో వచ్చారు, 1,354 పౌండ్ల డ్రెస్సు, పొట్టి కిల్టు, దాని కింద గులాబీ రంగు టైట్స్! ఈ టార్టన్ మోజు ఊళ్లమీద పడింది ఆ టూరు దెబ్బకే. మూలవిరాట్టేమో నిండుగా వేసుకునొస్తే భక్తులకి మాత్రం నిషిద్ధమట.

కాబట్టి ఏం వేసుకోవాలయ్యా అంటే, ముదురు రంగు కాటన్ బాక్సరు. అంతే. ఆ ఉన్ని గుడ్డ నాలుగ్గంటలు తొడలకి రాసుకుంటే సంప్రదాయం ఎంత గరుగ్గా ఉంటుందో తెలుస్తుంది. పైగా పెళ్లిలో భోజనాలయ్యాక కేలీ అనే గుంపు డాన్సులుంటాయి, చేతులు పట్టుకుని గిర్రున తిప్పుతారు, ఎనిమిది గజాల కుచ్చిళ్లు గొడుగులా విచ్చుకుంటాయి, హాల్లో పెళ్లికూతురి నాయనమ్మ కూర్చునుంటుంది. హైలాండ్ గేమ్స్‌లో హామర్ విసిరే భారీకాయులే సైక్లింగ్ షార్టులేసుకుని దిగుతారు, వాళ్లకన్నా మగాడివా నువ్వు? గోదావరి జిల్లాల్లో లుంగీ ఎగ్గట్టిన ఏ బాబాయైనా చారల డ్రాయరు లేకుండా గడప దాటడు, ఆయన్ని ఆపి "లోపలేముంది బాబాయ్" అని ఎవడైనా అడిగాడా? అడిగితే చెప్పు తీస్తాడు.

స్కాట్లాండ్‌లో పాపం చెప్పు తియ్యలేని ఉద్యోగాలున్నాయి. ఇన్వర్నెస్‌లో ఒక బార్లో కుర్రాళ్లు కిల్టులేసుకుని గ్లాసులు మోసేవాళ్లు, రెండు చేతులా ట్రే ఉన్నప్పుడు తాగొచ్చిన ఆడవాళ్ల గుంపులు వెనకనుంచి కిల్టు ఎత్తి చూడ్డం, చేతులు పెట్టడం. 2017లో భరించలేక కిల్టులు మానేసి ట్రౌజర్లలోకి మారారు. వార్త వస్తే జనం నవ్వారు. ఏం నవ్వు అది? జీతానికి నిలబడ్డ పాతికేళ్ల పిల్లాడి బట్ట ఎత్తి చూసేవాళ్లు హాయిగా బిల్లు కట్టి వెళ్లిపోతారు, బట్టలు మార్చుకోవాల్సింది వాడు. అనుమతి లేకుండా బట్టల కింద ఫోటో తియ్యడం స్కాట్లాండ్‌లో 2010లోనే నేరమైంది, ఇంగ్లాండ్‌లో 2019లో, ఆ చట్టానికి స్కర్టయినా కిల్టయినా ఒకటే. చట్టానికి అర్థమైంది మనుషులకెందుకు అర్థం కాదు? మగాడేగా ఏమవుద్దిలే అనేవాళ్లే, ఆడపిల్ల మీద ఎవడైనా చెయ్యేస్తే ముందు అడిగేది అసలేం వేసుకుందని. ఏం వేసుకుంటే నీకెందుకురా, వేసుకోకపోతే నీకెందుకు?

ఆ బార్లో ట్రౌజర్ చూసి "అయ్యో, ఇక్కడ కిల్టులు లేవా, స్కాట్లాండ్ ఫీల్ రావట్లేదు" అని రివ్యూలో ఒక స్టారు కోసేసే రకం కూడా వీళ్లే.