కాటాకెక్కిన జోడిపి

గొర్రెల పెంపకంలో మనవాళ్లు ఈ మధ్య ఒక గొప్ప పద్ధతి కనిపెట్టారు. పొట్టేలు జాతిని స్ప్రింగ్ కాటాకు వేలాడదీసి తేల్చడం. హర్యానాలోని కర్నాల్‌లో జాతీయ పశు జన్యు వనరుల బ్యూరో అని ఒకటుంది. ఏ ప్రాంతంలో ఏ జాతి, దాని లక్షణాలేంటి అని పాపం అక్కడ రాసుకుంటూ కూర్చుంటారు. ఒక కాటా కొనుక్కుంటే పోయేదానికి అంత ఆఫీసు ఎందుకో!

మాది చిన్న మంద, నెల్లూరు జాతి గొర్రెల్లో జోడిపి రకం. ఏటా కొన్ని విత్తనపు పొట్టేళ్లు, అంటే మందలో పిల్లల్ని పుట్టించడానికి ఉంచుకునేవి, అమ్ముతాను. మొన్నొకాయన బావమరిదితో సహా కారు దిగాడు. "ప్యూర్ కావాలన్నా, క్రాస్ అయితే వద్దు" అన్నాడు. సంతోషించాను.

జోడిపి అంటే తెల్లటి ఒళ్లు. కళ్ల చుట్టూ, మూతికి, కింది దవడకి, పొట్టకి, కాళ్లకి నల్ల మచ్చలు. ఆయన కర్చీఫ్ తడిపి కంటి దగ్గర మచ్చని రుద్దాడు, రంగేమోనని. పోలేదు. ఇంకోసారి రుద్దాడు. పొట్టేలు ఓర్చుకుంది. నోరు తెరిపించి పళ్లు చూశాడు. బీజాలు రెండూ సమానంగా ఉన్నాయో లేదో బావమరిది గొంతుక్కూర్చుని పట్టి చూశాడు (తప్పు లేదు, అది చూడాల్సిందే). తల్లేది? చూపించాను. తండ్రి? ఫోన్లో ఫొటో ఉంది. తాత? మా తాత ఫొటోనే లేదు మా ఇంట్లో. అన్నీ నచ్చాయి. పొట్టేలుతో సెల్ఫీ దిగాడు. వెళ్లి డిక్కీలోంచి కాటా తీసుకొచ్చాడు.

"లైవ్ కిలో ఎంతేస్తావన్నా?"

"కిలో లెక్క కాదు సార్, విత్తనానికిచ్చేది."

"ఏదైతేనేం, కోస్తే మాంసమేగా?" అన్నాడు బావమరిది.

విత్తనాల బస్తా మీద కంపెనీ వేసిన రేటు నోరెత్తకుండా కట్టే మనుషులే వీళ్లు. అక్కడ 'వండితే అన్నమేగా' అనరు.

ఈలోపు మూలనున్న పీలదాని మీద పడింది ఆయన కన్ను. "పోనీ అదివ్వు. బరువు తక్కువ, మాకు కలిసొస్తుంది. జాతి అదేగా?"

ఇక్కడ మాత్రం నాకు నవ్వు రావట్లేదు. మందలు నాశనమయ్యేది ఇలాగే. త్వరగా ఎదిగిన పొట్టేలుపిల్లే ముందు బేరగాడి కంట పడుతుంది, బక్రీద్ దగ్గరపడితే ఇక చెప్పక్కర్లేదు. ఎవడూ కొనని, ఎదుగూ బొదుగూ లేనిది మిగిలిపోయి పాతిక ముప్పై గొర్రెలకు అదే దిక్కవుతుంది. రెండేళ్లకోసారి మార్చండయ్యా అంటే వినరు, చివరికది తన కూతుళ్లతోనే జతకడుతుంది. పుట్టినవి పీలగా ఉంటే మేత బాలేదంటారు, టానిక్కులు పోస్తారు, ఆఖరికి నెల్లూరు జాతిలోనే పస లేదంటారు. ఎత్తుకి దేశంలోనే పేరుమోసిన గొర్రె ఇది! దాన్ని మోకాలెత్తుకి దించుతున్నది మీ కాటాలు కాదూ? సిగ్గుండక్కర్లా?

ఆయన ఉత్తి చేతులతో వెళ్లాడు. మర్నాడే పశువుల డాక్టర్ని పిలిచి ఆ పీలదానికి విత్తులు కొట్టించాను.