సాయంత్రం పేపర్ ఏదీ?

ఇవాళ కూడా పేపర్ తడిసే వచ్చింది. గేటు లోపలికి విసిరితే తన పనైపోయిందనుకుంటాడు కుర్రాడు. అది సరిగ్గా తులసి కుండీ పక్కన నీళ్ల మడుగులోనే పడుతుంది. ఏజెంటుకు ఫోన్ చేస్తే "కుర్రాళ్లు దొరకడం లేదు సార్, కాస్త సర్దుకోండి" అంటాడు. నెల బిల్లు మాత్రం ఒకటో తారీఖు పొద్దున్నే వాట్సాప్‌లో తయారు!

మా విశాఖలో పేపర్ ఇంటికి రావడమంటే ఒకప్పుడు గొప్పే. విజయవాడలో అచ్చయిన తెలుగు పత్రికలు ఇక్కడికి చేరేసరికి మధ్యాహ్నమయ్యేదట. 1974 ఆగస్టు 10న ఈనాడు ఇక్కడే మొదలై, తెల్లారేసరికి గుమ్మంలో పడ్డాకే కాఫీతో పాటు పేపర్ అలవాటైందని నాన్న చెప్పేవారు.

నాకు మాత్రం సాయంత్రం పేపరంటేనే ప్రాణం. ఉండేది నాలుగే పేజీలు, పట్టుకుంటే వేళ్లకు సిరా. నాన్న ఆఫీసు నుంచి వస్తూ జగదాంబ జంక్షన్‌లో కొని, మడిచి సైకిల్ క్యారియర్‌కు పెట్టి తెచ్చేవారు. టెస్ట్ మ్యాచ్ రోజుల్లో లంచ్ స్కోరు కోసం నేనూ అన్నయ్యా కొట్టుకునేవాళ్లం. మర్నాడు అదే కాగితంలో అమ్మ పకోడీలు పోసేది. నూనె పీల్చాక కూడా స్కోరు కనబడేది, అదో విచిత్రం.

ఇప్పుడు ఫోన్ నిమిషానికోసారి మోగుతుంది. "షాకింగ్" అని ఉందని నొక్కితే మూడు యాడ్లు, లోపల వార్తే ఉండదు.

తడిసిన పేపర్‌ని ఫ్యాన్ కింద ఆరేశాను. జిల్లా పేజీ అంటుకుపోయింది, చిరగకుండా ఊడి రావడం లేదు.