పైసలు తీసుకున్న మాట పైనే చెప్పాలి

రెండు గాజు గ్లాసులు. ఒకదాంట్లో బోరు నీళ్లు, ఇంకోదాంట్లో ఫిల్టర్ యంత్రం నుంచి పట్టిన నీళ్లు. కడ్డీలున్న చిన్న పరికరాన్ని రెండింట్లోనూ ముంచి స్విచ్చి వేస్తారు. కాసేపటికే బోరు నీళ్లు గోధుమ రంగుకు తిరిగి అడుగున మడ్డి పేరుకుంటుంది. రెండో గ్లాసు తేటగానే ఉంటుంది. ‘మర్రిగూడ, చండూరు జనం ఇన్నేళ్లూ తాగింది ఇదే అన్నా, పిల్లల కోసమైనా ఆలోచించండి’ అంటాడు రీల్‌లోని యువకుడు. కూపన్ కోడ్ కింద కామెంట్లో ఉంటుంది. యంత్రం ఊరికే వచ్చిందనిగానీ, ఈ నిమిషం వీడియోకు డబ్బు ముట్టిందనిగానీ ఎక్కడా ఉండదు.

ఆ మడ్డి నీళ్లలోది కాదు, కడ్డీది. నీళ్లలో కరిగిన లవణాలుంటే కరెంటు పారుతుంది, పారితే ఇనుప కడ్డీ కరిగి తుప్పు దిగుతుంది. ఫిల్టర్ నీళ్లలో లవణాలు తక్కువ కాబట్టి కరెంటు సరిగా పారదు, తుప్పూ రాదు. అదే తేట నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ ముంచి చూడండి, అవీ గోధుమ రంగుకే తిరుగుతాయి. నల్లగొండను కుంగదీసిన ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. కాస్తే పోదు సరికదా, నీరు ఆవిరయ్యేకొద్దీ చిక్కబడుతుంది. టీడీఎస్ మీటరూ దాన్ని విడిగా చూపలేదు, మొత్తం లవణాల లెక్కే చెబుతుంది. మీటరు 300 చూపిన నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 3 మిల్లీగ్రాములు ఉండొచ్చు, 900 చూపిన నీళ్లలో అర మిల్లీగ్రాము కూడా ఉండకపోవచ్చు. తాగునీటి ప్రమాణం ప్రకారం 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే నీరు దొరకని చోట 1.5 దాకా సరే. అది తేల్చుకోవాలంటే గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలకు సీసాడు నీళ్లు పంపాలి, లేదా ఫ్లోరైడ్ కిట్‌తో చూడాలి. జిర్కోనియం కలిసిన రసాయనం వేస్తే, ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ గులాబీ రంగు పసుపుకు తిరుగుతుంది.

యంత్రం పనికిరాదని మేము అనడం లేదు. లోపలి వడపోత పొర బాగున్నంత కాలం ఆర్‌ఓ యంత్రం ఫ్లోరైడ్‌ను చాలా వరకు తగ్గిస్తుంది. ఫ్లోరైడ్ నీళ్లకు వంకర్లు తిరిగిన కాళ్లను తరాల తరబడి చూసిన జిల్లాలో, ఆ భయాన్నే పెట్టుబడిగా పెట్టి, అమ్మకపు మాటను పక్కింటి తమ్ముడి సలహాలా వినిపించడం మీదే మా అభ్యంతరం.

దీన్ని ఈ తరం కనిపెట్టలేదు. 2002లో అమెరికాలో ఒక ఫోన్ కంపెనీ నటులను పర్యాటకుల వేషంలో వీధుల్లోకి పంపింది. దారినపోయేవారిని ‘ఒక ఫొటో తీస్తారా’ అని అడిగి కొత్త ఫోన్ చేతిలో పెట్టడమే వాళ్ల పని. 2006 చివర్లో మైక్రోసాఫ్ట్, ఏఎండీ కలిసి విండోస్ విస్టా వేసిన ఖరీదైన ల్యాప్‌టాప్‌లను బ్లాగర్లకు ఉచితంగా పంపినప్పుడు, ఉప్పు తిన్నవాళ్లు ఉన్నది ఉన్నట్టు రాయగలరా అని పెద్ద వాదమే నడిచింది. 2009లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్, డబ్బుగానీ ఉచిత వస్తువుగానీ తీసుకుని మెచ్చుకునే బ్లాగర్ ఆ సంగతి బయటపెట్టాల్సిందేనని నిబంధన తెచ్చింది. మన దగ్గర ఆ మాట నియమంగా రావడానికి ఇంకో పన్నెండేళ్లు పట్టింది.

ఇప్పుడు నియమాలకు కొదవ లేదు. ప్రకటనల ప్రమాణాల మండలి మార్గదర్శకాలు 2021 జూన్ 14 నుంచి అమల్లో ఉన్నాయి. వీడియో 15 సెకన్ల లోపైతే ప్రకటన అన్న ముద్ర కనీసం 3 సెకన్లు కనబడాలి. 15 సెకన్ల నుంచి 2 నిమిషాల దాకా ఉంటే నిడివిలో మూడో వంతు, అంటే నిమిషం రీల్‌లో 20 సెకన్లు. 2 నిమిషాలు దాటితే ఆ వస్తువు గురించి మాట్లాడినంత సేపూ ఉండాలి. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇంకాస్త స్పష్టంగా చెప్పింది: వీడియోలో రాతలోనూ మాటలోనూ రెండు విధాలా చెప్పాలి, హ్యాష్‌ట్యాగుల గుంపులో కలిపేయకూడదు. డబ్బే కానక్కర్లేదు, ఉచిత వస్తువు, హోటల్ బస, ప్రయాణం, చుట్టరికం, ఉద్యోగం అన్నీ చెప్పాల్సిన సంబంధాలే. ఆదాయపన్ను శాఖ అయితే 2022 జులై నుంచి ఏడాదిలో 20 వేలు దాటిన ఉచిత వస్తువుల మీద 10 శాతం పన్ను ముందే పట్టుకోమంటోంది. ఫోన్ తిరిగి ఇచ్చేస్తే పన్ను లేదు, ఉంచుకుంటే ఉంది. ఉంచుకున్న ఫోన్ పన్ను శాఖ లెక్కలో ప్రతిఫలమైనప్పుడు చూసేవాడికి ఎందుకు కాదు?

ముద్ర వేయడం కష్టమూ కాదు. యూట్యూబ్‌లో వీడియో ఎక్కించేటప్పుడు పెయిడ్ ప్రమోషన్ గడిలో టిక్కు పెడితే మొదటి 10 సెకన్లు ఆ మాట దానంతటదే కనిపిస్తుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో పెయిడ్ పార్ట్‌నర్‌షిప్ లేబుల్ ఉంది. అయినా పెట్టరు, ఎందుకంటే పెట్టొద్దనే పురమాయింపు. ప్రచార ఏజెన్సీ పంపే సూచనల కాగితం (బ్రీఫ్)లో ‘యాడ్‌లా ఉండకూడదు, సహజంగా రావాలి’ అని ఉంటుంది. మొదటి 3 సెకన్లలో ఏమనాలో, ధర ఎక్కడ చెప్పాలో, ఏ మాట అనకూడదో రాసిచ్చి, తీసిన వీడియోను వాళ్లు చూసి సరేనన్నాకే పోస్టు చేయిస్తారు. సగం డబ్బు ముందు, మిగతాది ఎంతమంది చూశారో స్క్రీన్‌షాట్ పంపాక. ‘మోసపోయాం’ అన్న కామెంట్లను తీసేయడమూ ఒప్పందంలో భాగమే. ముద్ర వేసేవారిలోనూ చాలామంది తెలుగు వీడియోకు ఇంగ్లిషులో, చివర్న, చీమ తలకాయంత అక్షరాల్లో వేస్తారు. వీడియో ఏ భాషలో ఉంటే ముద్ర కూడా ఆ భాషలోనే ఉండాలని కేంద్ర శాఖ నియమమే చెబుతోంది. ‘ఇది ప్రకటన, డబ్బు తీసుకున్నాను’ అన్న నాలుగు తెలుగు మాటలు చాలు.

కొత్తగా పెట్టిన మండీ హోటల్‌ను మెచ్చుకున్న రీల్ తప్పయితే పోయేది ఒక పూట భోజనం ఖర్చు. ప్లాటు దగ్గరికి వచ్చేసరికి పోయేది జీవితం మొత్తం కూడబెట్టుకున్న సొమ్ము. హైదరాబాద్ చుట్టూ రానున్న రీజనల్ రింగ్ రోడ్డు (త్రిపుల్ ఆర్) దక్షిణ భాగం చౌటుప్పల్ నుంచి ఆమనగల్లు, షాద్‌నగర్ మీదుగా సంగారెడ్డి వైపు సాగుతుందని తెలిసిననాటి నుంచి ఈ దారి పొడవునా డ్రోన్‌లు ఎగురుతున్నాయి. పైనుంచి తీసిన పచ్చదనం, పక్కన చెరువు, ‘త్రిపుల్ ఆర్‌కు ఐదు నిమిషాలు’, ‘ప్రీ లాంచ్ ధర ఈ ఆదివారం వరకే’. వానాకాలంలో తీసిన ఆ చెరువు ఎండాకాలంలో ఎలా ఉంటుందో రీల్‌లో రాదు. చెరువు నిండితే నీళ్లు ఎంతవరకు వస్తాయో, అంటే ప్లాటు ఎఫ్‌టీఎల్ లోపల ఉందో బయట ఉందో అసలే రాదు.

ఇక్కడ చట్టం చాలా పదునుగా ఉంది. 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 598 గజాలు దాటిన లేఅవుట్‌ను రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ (రెరా)లో నమోదు చేయకుండా అమ్మడమే కాదు, ప్రచారం చేయడమూ, కొనమని పిలవడమూ సెక్షన్ 3 ప్రకారం నేరం. 5 గుంటలంటేనే 605 గజాలు. అంతకంటే చిన్న వెంచర్ ఎక్కడుంది? ఉల్లంఘించిన ప్రమోటరుకు ప్రాజెక్టు అంచనా వ్యయంలో 10 శాతం దాకా జరిమానా. ప్రకటనలో రెరా నంబరు, వెబ్‌సైటు చిరునామా ఉండాలి. ‘జస్ట్ వీడియో తీశాను’ అనే యువకులకు తెలియని సంగతి ఇంకొకటుంది. కొనేవారినీ అమ్మేవారినీ ఏ మాధ్యమం ద్వారానైనా కలిపి, అందుకు కమీషన్ తీసుకునే మనిషిని ఆ చట్టం రియల్ ఎస్టేట్ ఏజెంటు అంటుంది. ఏజెంటు నమోదు కావాలి, నమోదు లేని ప్రాజెక్టును అంటగట్టకూడదు. కాదంటే రోజుకు 10 వేల చొప్పున, ప్లాటు విలువలో 5 శాతం దాకా జరిమానా. ‘కామెంట్లో ఇంట్రెస్టెడ్ అని పెట్టండి, నంబర్ పంపిస్తా’ అని, వచ్చిన ప్రతి సైట్ విజిట్‌కు డబ్బు తీసుకునేవారు ఆ గీత దగ్గరే నిలబడి ఉన్నారు.

ఫామ్ ల్యాండ్ పేరుతో గుంటల్లెక్కన అమ్మేవాళ్లు ‘వ్యవసాయ భూమి కదా, రెరా అక్కర్లేదు’ అంటారు. అదే నిజమైతే ఆ రీల్‌లో కట్టి చూపిన ఇంటికి అనుమతి ఎలా వస్తుందో కూడా అదే నోటితో చెప్పాలి. లేఅవుట్ అనుమతి లేని నేలలో గుంట కొన్నవాడికి మిగిలేది పాస్‌బుక్కులో ఒక వరస, దారి కోసం పక్క రైతుతో తగువు.

పత్తి, మిరప రైతులకు వచ్చే వీడియోలు వేరే రకం. చేను గట్టు మీద నిలబడి ‘ఈ టానిక్ కొట్టినం, కాయ చూడండి’ అంటారు. జులై చివర్లో తీసిన చేను, సెప్టెంబరులో తీసిన చేను పక్కపక్కన పెడతారు. మధ్యలో పడిన వాన, వేసిన యూరియా, ఆ నేల నల్లరేగడా చెలకా అన్నవి లెక్కలోకి రావు. మందు పనితనం తెలియాలంటే అదే చేనులో నాలుగు సాళ్లు కొట్టకుండా వదలాలి. అలా వదిలిన సాళ్లు చూపని వీడియోను నమ్మాల్సిన పని లేదు. ఇలాంటి టానిక్‌లు, అంటే జీవ ఉత్ప్రేరకాలు (బయోస్టిమ్యులెంట్లు), 2021 ఫిబ్రవరి నుంచి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి వచ్చాయి. డబ్బా మీద వివరాలు చూసుకుని, దుకాణం లైసెన్సు ఉన్నదో లేదో కనుక్కొని, బిల్లు తీసుకుని, ఖాళీ డబ్బా, విత్తన సంచీ పంట చేతికొచ్చేదాకా దాచిపెట్టాలి. వాటి మీద ఉండే లాట్ నంబరు లేని ఫిర్యాదు వ్యవసాయాధికారి దగ్గర అడుగు ముందుకు వేయదు.

బెట్టింగ్ యాప్‌ల సంగతి అందరికీ తెలిసిందే. తెలంగాణ 2017లోనే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించినా, వాటి ప్రచారం రీల్స్‌లో ఏళ్ల తరబడి సాగింది. 2025 మార్చిలో పంజాగుట్ట, మియాపూర్ స్టేషన్లలో కేసులు పెట్టాకే వణుకు పుట్టింది. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం ఇలాంటి ప్రచారానికి 2 ఏళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా పెట్టింది. ఇళ్లు గుల్లయ్యాక కదిలిన చట్టం అది. నీటి యంత్రం, ప్లాటు, టానిక్ విషయంలోనూ అంతదాకా ఆగాలా?

రీల్స్ చేసే యువత మీద మాకు కోపం లేదు. నల్లగొండ, పాలమూరు డిగ్రీ కాలేజీల నుంచి బయటికొచ్చి, ఉద్యోగం దొరక్క, ఫోను ఒక్కటే పనిముట్టుగా బతుకుదెరువు వెతుక్కున్నవారు వీరిలో ఎందరో. మన యాసకు, మన ఊళ్లకు తెరమీద చోటు తెచ్చిందీ వీళ్లే. ప్రకటన చేయడం గౌరవమైన పనే, పత్రికలు నడిచేదీ ప్రకటనల మీదే. ఆ మాట వచ్చింది కాబట్టి మా రంగం గురించీ చెప్పాలి. డబ్బు తీసుకుని వార్తలా వేసే పెయిడ్ న్యూస్ మీద ప్రెస్ కౌన్సిల్ 2010లోనే నివేదిక ఇచ్చింది. పేజీ మూలన కంటికి ఆనని అక్షరాల్లో ‘అడ్వర్టోరియల్’ అని వేయడం, రీల్ చివర్న హ్యాష్‌ట్యాగ్ పెట్టడం ఒకే కోవకు చెందినవి. వ్లాగర్లను అడిగే నియమాన్ని పత్రికలూ పాటించాలి: ‘ప్రకటన’ అన్న మాట శీర్షిక అంత పెద్ద అక్షరాల్లో, తెలుగులో.

వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షలు, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. మెచ్చుకున్న మనిషిని ఏడాది, తర్వాత మూడేళ్ల దాకా ప్రచారాల నుంచి నిషేధించొచ్చు. చెప్పేముందు నిజానిజాలు తగినంత పరిశీలించినవారికి ఆ శిక్ష ఉండదు. రెరా నంబరు వెబ్‌సైటులో చూడడం, నీటి పరీక్ష కాగితం అడగడం, లైసెన్సు కాపీ దగ్గర పెట్టుకోవడం రీల్ చేసేవారిని కాపాడే పనులే. కానీ ఆ సంస్థ ఉన్నది ఢిల్లీలో. నల్లగొండ జిల్లా నాంపల్లి మండలంలో ఐదొందల మంది నమ్మిన రీల్ అక్కడి దాకా ఎప్పుడు చేరుతుంది?

ఢిల్లీ దాకా వెళ్లక్కర్లేదని అదే చట్టం చెబుతోంది. సెక్షన్ 17 ప్రకారం తప్పుడు ప్రకటన మీద ఫిర్యాదు జిల్లా కలెక్టరుకే ఇవ్వొచ్చు. సెక్షన్ 16 ప్రకారం కలెక్టరు విచారణ జరిపి నివేదిక పంపొచ్చు. ఈ అధికారాన్ని నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట కలెక్టర్లు వాడాలని మేము కోరుతున్నాం. సోమవారం ప్రజావాణిలో దీనికి విడిగా ఒక బల్ల వేయాలి. దాని వెనుక పౌరసరఫరాలు, వ్యవసాయం, నీటి సరఫరా శాఖల నుంచి ఒక్కో ఉద్యోగిని, రెరా వెబ్‌సైటు తెరిచి చూపగల ఒకరిని కూర్చోబెట్టాలి. వచ్చేవారు స్టోరీ 24 గంటల్లో మాయమవుతుందని గుర్తుంచుకుని, చూసిన వెంటనే స్క్రీన్ రికార్డింగ్ చేసి, అకౌంట్ పేరు, తేదీ, లింకు కనిపించేలా ఉంచుకోవాలి. కట్టిన డబ్బు రసీదు, యూపీఐ వివరాలు జతచేయాలి. కలెక్టరేట్‌కు రాలేనివారికి 1915 హెల్ప్‌లైన్ ఉంది. సొమ్ము తిరిగి కావాలంటే నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లా వినియోగదారుల కమిషన్లు ఉన్నాయి. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే అక్కడ ఫీజు కూడా లేదు.