డమ్మీ గిడ్డంగికి రవాణా ఖర్చు సున్నా

శ్రీకాకుళం నుంచి చుట్టపుచూపుగా ఉద్దానంలోని మా అక్క ఇంటికి వెళ్లేసరికి, మేనల్లుడు ఎం.బి.ఏ. రెండో సెమిస్టరు ప్రశ్నపత్రాన్ని విసనకర్రగా వాడుకుంటూ అరుగు మీద కూర్చున్నాడు. వ్యాపార నిర్ణయాలకు పనికివచ్చే పరిమాణాత్మక పద్ధతులట, ఇంగ్లీషులో క్వాంటిటేటివ్ టెక్నిక్స్. పిల్లలు ముద్దుగా ‘క్యూటీ’ అంటారు. పత్రం అందుకుని చూస్తే అందులో మూడు ఫ్యాక్టరీలు, నాలుగు గిడ్డంగులు ఉన్నాయి; ఏ ఫ్యాక్టరీ సరుకు ఏ గిడ్డంగికి ఎంత పంపితే మొత్తం రవాణా ఖర్చు తక్కువవుతుందో పట్టిక వేసి తేల్చాలి. నేను చదువుకున్న రోజుల్లోనూ సరిగ్గా మూడు ఫ్యాక్టరీలు, నాలుగు గిడ్డంగులే ఉండేవి. ఇన్ని దశాబ్దాలుగా ప్రతి పరీక్షలోనూ అత్యుత్తమ నిర్ణయాలు తీసుకుంటూ వచ్చిన ఆ సంస్థ నాలుగో ఫ్యాక్టరీ ఎందుకు పెట్టుకోలేకపోయిందో ఏ ఆచార్యుడూ వివరించలేదు. అది ఏం తయారు చేస్తుందో కూడా ఎవరికీ తెలియదు.

శాస్త్రాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఈ రవాణా సమస్యను 1941లో హిచ్‌కాక్ అనే గణితవేత్త ప్రతిపాదించాడు; 1947లో అమెరికా వైమానిక దళం కోసం పనిచేస్తూ జార్జ్ డాంట్‌జిగ్ ఇలాంటి లెక్కల్లో అత్యుత్తమ జవాబును అంచెలంచెలుగా వెతికే సింప్లెక్స్ పద్ధతిని కనిపెట్టాడు. వాళ్ల ముందు నిజమైన సరుకు, నిజమైన దూరం ఉన్నాయి. మన పిల్లల ముందు గడులున్నాయి. ఆ గడులు నింపడానికి మొదట నేర్పేది వాయవ్య మూల పద్ధతి: పట్టికలో ఎడమవైపు పై మూల నుంచి మొదలుపెట్టి, సరఫరా, గిరాకీలలో ఏది తక్కువైతే అంత నింపుకుంటూ పోవాలి, గడిలో ఉన్న ఖర్చు వంక మాత్రం కన్నెత్తి చూడకూడదు. వాస్తు సిద్ధాంతి అయినా ఇల్లు చూశాకే మూల చెబుతాడు. అన్నట్టు రాష్ట్రపటంలో మా జిల్లా ఈశాన్య మూల; ఈశాన్యంలో బరువు పెట్టకూడదన్న నియమాన్ని పాలకులు మా విషయంలో ఎంతో నిష్ఠగా పాటిస్తున్నారు.

“మరి గిరాకీ కన్నా సరుకు ఎక్కువుంటే?” అని అడిగాను.

“డమ్మీ గిడ్డంగి కలుపుతాం మావయ్యా. మిగిలిందంతా దానికి పంపేస్తాం.”

“అదెక్కడుంది?”

“ఎక్కడా లేదు.”

“లారీ కిరాయి?”

“సున్నా.”

“దించినందుకు కళాసీల కూలి?”

“అదీ సున్నాయే. వేరే అంకె వేస్తే మార్కులు పోతాయి.”

లేని ఊరికి, లేని దారిన, లేని లారీలో వెళ్లిన సరుకు క్షేమంగా చేరిందని ఆ పట్టిక అడుగున సంతకం పెట్టడం ఒక్కటే తక్కువ. పట్టాలు పుచ్చుకున్నవాళ్లు ఉద్యోగాల కన్నా ఎక్కువైనప్పుడు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది కాబోలు: మిగిలినవాళ్లను పలాస స్టేషన్లో రైలెక్కిస్తే పట్టిక సమతూకంలోకి వస్తుంది.

అయితే డమ్మీ గిడ్డంగిని ఆ రాత్రి నేను కళ్లారా చూశాను, అందులోనే పడుకున్నాను. అది మా బావ ఇంటి ముందు గది. ధర లేదని అమ్మకుండా ఆపిన జీడిపిక్కలు అక్కడ పదకొండు బస్తాలున్నాయి, బస్తాకు 80 కిలోలు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తోటను పడగొట్టిన తరువాత మళ్లీ నాటిన చెట్ల కాపు అది. ఇంట్లోంచి ఇంట్లోకే గనుక రవాణా ఖర్చు నిజంగానే సున్నా. అప్పు మీద వడ్డీ మాత్రం నెలకు నూటికి రెండు రూపాయలు.

ఇప్పుడమ్మాలా, ఆగాలా అన్నదే కదా ఆ పాఠ్యాంశం? అనిశ్చితిలో నిర్ణయం అనే అధ్యాయంలో ఆశావాది సూత్రం, నిరాశావాది సూత్రం, ఏ దారి పట్టినా మిగిలే పశ్చాత్తాపాన్ని కనిష్ఠం చేసే సూత్రం, అన్నీ ఉన్నాయి. మావాడు దాని మీద పది మార్కుల జవాబు రాసి వచ్చాడు. ఆ గది గుమ్మంలో కూర్చుని వాళ్ల నాన్న అదే లెక్కను రోజూ వేళ్ల మీద వేస్తున్నాడు. చదువు మొదలైన నాటి నుంచి ఒక్క మాస్టారైనా, “ఒరే, మీ ఇంట్లో బస్తాలెన్ని, అప్పెంత, పోయినేడు వ్యాపారి ఎంతకు కొన్నాడు?” అని ఆ పిల్లవాణ్ణి అడిగిన పాపాన పోలేదు. అడిగితే సిలబస్ మైలపడుతుందా? పిక్కలు కొట్టీ కొట్టీ జీడి రసానికి వేలిముద్రలు చెరిగిపోయిన మా అక్క చేతుల మీదుగా ఫీజు తీసుకోవడానికి లేని సంకోచం, ఆ చేతులకు గిట్టుబాటయ్యే లెక్క ఒక్కటి చెప్పడానికి ఎందుకొచ్చింది? ఇది చదువు కాదు, దగా!

కోపగించుకున్నందుకు పాఠకులు మన్నించాలి. ఆ సున్నాను పట్టికలో వేయించిన పండితులకు నాదొక సవినయమైన మనవి: వేసవిలో ఒక్క రాత్రి వచ్చి మా బావ ముందు గదిలో పడుకోండి. బస్తాలు ఆక్రమించగా మిగిలిన చోటు ఒక చాపకు సరిపోతుంది, అదీ వాయవ్య మూలనే.