కొరమీనుకు ముట్టే మామూళ్లు

‘మావాడు పాదరసమండీ!’ అని పిల్లల గురించి మురిసిపోయే జాతి మనది. అలాంటి మనం, చేపలో పాదరసం అనగానే మొహం చిట్లించడం కృతఘ్నత.

ఇందులో నా వంతు సేవ కూడా ఉంది. సంక్రాంతికి ఇల్లు దులిపితే మాడిపోయిన ట్యూబులైట్లు రెండు బయటపడ్డాయి. ఒక్కోదాంట్లో కొన్ని మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది. చెత్తబండి ఆవిడ ‘ఇయ్యి తీసుకోం బాబాయ్, పగిల్తే చెయ్యి తెగుద్ది’ అంది. చీకటి పడ్డాక భుజాన వేసుకెళ్లి బుడమేరులో వదిలేశాను. మునగలేదు. తెల్లగా తేలుతూ పోయి, వంతెన స్తంభానికి కొట్టుకుని టప్పుమన్నాయి.

బుడమేరు ఎక్కడికి పోతుంది? కొల్లేటికి. కొల్లేటి చేప ఎక్కడికొస్తుంది? ఐసు వేసుకుని మన బెజవాడకి. ఇచ్చింది వడ్డీతో సహా చేతికొస్తుంది. ఇంత నికార్సయిన చిట్టీ ఊళ్లో ఇంకోటి చూపించండి. 2024 సెప్టెంబరులో ఆ తిరుగుడు కూడా లేకుండా బుడమేరే మన ఇళ్లకొచ్చింది, అది వేరే సంగతి.

నా రెండు ట్యూబులైట్లెంత లెండి. ప్రపంచంలో పాదరసాన్ని గాలికి వదిలేవాళ్లలో చిన్నతరహా బంగారు గనులు మొదటి వరస, బొగ్గు పొయ్యిలు ఆ తర్వాత. గాల్లోది వానతో చెరువులో దిగుతుంది. అడుగు బురదలోని బాక్టీరియా దాన్ని మిథైల్ మెర్క్యురీ అనే, ఒంట్లో ఇట్టే ఇంకిపోయే విషంగా మారుస్తుంది. అది నాచుకి, నాచు నుంచి పురుక్కి, పురుగు నుంచి చిన్న చేపకి, దాన్ని మింగిన పెద్ద చేపకి చేరుతుంది. ఏదో ఒక ఆఫీసు చుట్టూ తిరిగినవాడికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. మామూళ్లు! కింద కిటికీ దగ్గర చిల్లరే, పైగదికి వెళ్లేసరికి మూట. నీళ్లలో ఉన్నదానికి వేట చేప కండలో ఉన్నది లక్షల రెట్లు కావచ్చు. తవుడు తిని బతికే బొచ్చె, శీలావతి చిరుద్యోగులు. కొరమీను, వాలుగ గెజిటెడ్ హోదా. తిన్నది ఓ పట్టాన కక్కరు.

1956లో జపాన్‌లోని మినమాటలో, చేపల్లోని ఈ పాదరసం తెచ్చే జబ్బు బయటపడింది. అక్కడ ఫ్యాక్టరీ వదిలిన పాదరసం నీళ్లు సముద్రంలో కలిశాయి. ముందు పిల్లులు పిచ్చిగా గెంతి చచ్చాయి. తర్వాత మనుషుల చేతులు వణికాయి. పైకి బాగానే ఉన్న తల్లులకు కూడా చేతులు కాళ్లు స్వాధీనంలో లేని బిడ్డలు పుట్టారు. ఈ ముక్క దగ్గర నాకు వెటకారం రావడం లేదు, క్షమించాలి. పాదరసాన్ని అదుపు చెయ్యడానికి ఆ ఊరి పేరు మీదే పెట్టిన ప్రపంచ ఒప్పందంలో మన దేశం 2018లో చేరింది. చెత్తబండికి ఇంకా కబురు అందినట్టు లేదు.

మొన్న ఆదివారం మా బావమరిది చేపల మార్కెట్లో మొప్ప ఎత్తి ఎరుపు చూశాడు, పొట్ట నొక్కాడు, కన్ను చూశాడు. ‘ప్రాణం ఉన్నట్టే ఉంది బావా!’ అన్నాడు. అతనికి దొరకనిది ఇంట్లో ఉప్పు, పసుపు, నిమ్మకాయకి దొరుకుతుందా? కండలోనే కలిసిపోయిన సరుకు, కడిగితే పోదు, ఉడికితే పోదు.

కోడలికి ఐదో నెల, బలం అని ఏరి ఏరి కొరమీనే తూకం వేయించాడు. పెద్దది, రెండు కిలోలు.

‘శీలావతి చాల్లేరా’ అన్నాను.

‘నీ పిసినారితనం పోనిచ్చావు కాదు బావా’ అన్నాడు, నా జేబు వైపు చెయ్యి చాపుతూ.